సిగ్గు విడిచిన పాట

గడచిన సంక్రాంతి దినములలో కలిదిండికి సమీపమున ఒక గ్రామమున జరిగిన చిన్న సంగతిని చదువరులకు మనవి చేయదలచితిమి. నలుగురు పడుచువాండ్రు రామమందిరపు అరుగు ముందర పాడుటకు సిద్ధమైరి. ఒకని చేత డప్పు, ఒకని చేత విద్యుత్తుతో మ్రోగు గిటారు, మూడవవాని ముందు రెండు డోళ్లు, నాలుగవవాడు గాయకుడు. వారు ఎత్తుకొన్నది సినిమా పాట కాదు. డప్పు పట్టినవాని నాయనమ్మ వరినాట్లలో పాడిన పాట. ఆమె పాడిన నడకకు రెండింతల వేగమున, గొంతు చించుకొని దానిని పాడసాగిరి. రెండు చరణములు ముగియకముందే పెద్దలిద్దరు లేచిరి. ఒకరు సంగీతము నేర్చినవారు. పాట పాడైపోయినదని వారి బాధ. రెండవవారు "ఈ అరుగు ముందర డప్పేమిటి?" అనిరి. పిల్లలు వాద్యములు మూటగట్టుకొని వెడలిపోయిరి. ఆ రాత్రి అదే స్థలమున అద్దెకు తెచ్చిన డి.జె. పెట్టెలు తెల్లవారువరకు మ్రోగినవి. గోడలు అదరినవి; పసిబిడ్డలు నిద్రలేక ఏడ్చిరి. దానికి మాత్రము ఏ పెద్దయు అడ్డు చెప్పలేదు.

వాది మాట వినకుండ ఇచ్చిన తీర్పు తీర్పు కాదని న్యాయస్థానములలో తిరుగు మావంటివారికి తెలిసిన మొదటి పాఠము. కనుక మేము వాది మాట వింటిమి. మరునాడు ఆ గాయకుడు మా యింటికి వచ్చి, చేతిలోని ఫోనులో ఒక పాటల ఆల్బమును వినిపించెను. "దీన్ని విన్నాకే మాకీ బుద్ధి పుట్టిందండి" అనెను. ఆ ఆల్బము 1984లో లండను నగరమున వెలువడినది. దాని పేరు 'రెడ్ రోజెస్ ఫర్ మీ'. పాడినవారు 'పోగ్స్' అను ముఠావారు. అది వారి మొదటి రికార్డు. లండను ముఠా పాటకును కొల్లేటి గట్టున నాట్ల పాటకును సంబంధమేమని చదువరులు అడుగుదురు. సంబంధము కలదు, అది సిగ్గునకు సంబంధించినది.

ఐర్లండు దేశపు కథ మన రీడింగురూములలో ఒకప్పుడు ఇంటి కథ వలె చదువబడెను. 1845 మొదలు కొన్ని యేండ్లు ఆ దేశమున ఉర్లగడ్డ పంట తెగులు తగిలి నశించుటచే సుమారు పది లక్షలమంది చనిపోయిరి. అంతకు తగ్గనిమంది ఓడలెక్కి దేశము విడిచిరి. ఇంగ్లండు కాలువలు త్రవ్వుటకును, రైలుకట్టలు వేయుటకును చెమటయోడ్చిన కూలీలలో ఐర్లండువారు వేలకొలది. వారి వెంట వారి పాటలును పోయినవి. కాని పరదేశమున పుట్టిన బిడ్డలకు ఆ పాటలు బరువైనవి. యాస వినబడిన నవ్వు, పేరు వినబడిన అనుమానము. 1974లో ఇంగ్లండు నగరములలో బాంబులు ప్రేలిన పిమ్మట ఆ అనుమానము చట్టరూపము ధరించెను. అట్టి కాలమున తాతల పాటను వీధిలో పాడుటకు ఎవనికి ధైర్యము చాలును?

అదే దశకపు చివర, 1976, 1977 సంవత్సరములలో, లండను కుఱ్ఱకారులో 'పంక్' అను సంగీతము పుట్టెను. పనిలేని యువకుల కోపము దానికి తల్లి. గిటారుపై మూడు స్వరమేళములు తెలిసిన చాలును, చెప్పవలసిన మాటయున్న చాలును, వేదికనెక్కవచ్చునని వారి సిద్ధాంతము. శ్రుతి తప్పినను కపటము ఉండరాదు. ఈ కోపమును, ఐర్లండు తాతల పాటను ఒక్కచోట చేర్చినవారే 1982లో కూడిన ఈ పోగ్స్ ముఠావారు. వారి గాయకుడు షేన్ మెక్‌గోవన్ 1957 క్రిస్మసు దినమున ఇంగ్లండులోని కెంటు సీమలో ఐర్లండు తలిదండ్రులకు జన్మించెను. తల్లి పుట్టినూరు గల టిప్పరరీలో బాల్యమున పాటలు వినెను. తక్కిన జతగాండ్రలో పలువురు ఇంగ్లీషువారే. అయినను బాంజో, అకార్డియను, రేకు పిల్లనగ్రోవి పట్టి, డోలు నిలుచుండి వాయించుచు, పల్లెపాటను తుఫాను వేగమున నడపిరి.

ఆ తొలి ఆల్బములో పదుమూడు వరుసలు కలవు. వానిలో ఏడు మెక్‌గోవన్ స్వయముగా వ్రాసినవి, తక్కినవి పాతవి. రైలుకట్ట వేసిన కూలివాని పాట అందున్నది. తిమింగిలముల వేటకు పోయిన నావికుల పాట అందున్నది. బ్రెండన్ బీహన్ 1954లో తన నాటకమున పెట్టగా లోకమెరిగిన జైలు పాట అందున్నది. ఆల్బము పేరును ఓకేసీ మహాశయుడు 1942లో ప్రకటించిన నాటకమునుండి తీసికొనిరి. పాతపాట ప్రక్కన కొత్తపాట కూర్చుండినది. కొత్తది లండను చీకటి వీధులలో తిరుగు పేద యువకుని గోడు. ఏది తాతది, ఏది మనుమనిది యని తెలియని వారికి రెండును ఒక్క ఇంటివే యనిపించును. ఈ రికార్డు గొప్పతనమంతయు ఈ పంక్తిభోజనమునందే యున్నదని మా అభిప్రాయము.

పండితులకు కోపము రాకపోలేదు. సంప్రదాయ సంగీతమును త్రాగుబోతులు వీధికీడ్చిరని ఐర్లండులోనే కొందరు వాద్యకారులు నిందించిరి. ఈ నిందలో సగము నిజమున్నదని మేమును ఒప్పుకొందుము. ఆ పాటలలో మద్యము ఏరై పారుచున్నది. మెక్‌గోవనును త్రాగుడే కబళించెను. అందుచేతనే 1991లో అతని జతగాండ్రు అతనిని ముఠానుండి తొలగించవలసివచ్చెను. 2023 నవంబరు 30వ తేదీన అతడు మరణించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి కొట్టుపై తిరుగబడినప్పుడు వారి చేతిలోనూ పాట యుండెను. ఆ పాట సారాయికి శత్రువు. మన యువకులు లండను ముఠానుండి ధైర్యమును నేర్చుకొందురు గాక, సీసాను అక్కడనే విడుతురు గాక.

కాని సత్యము పలుకుటలో ఆ మొరటు గొంతు ఎంత ముందున్నదో ఒక్క నిదర్శనము చూపుదుము. 1974 నవంబరునాటి బర్మింగుహాము బాంబుల కేసులో ఆరుగురు ఐర్లండువారికి 1975లో యావజ్జీవ శిక్ష పడెను. వారు నిరపరాధులని పోగ్స్ ముఠావారు 1988లో ఒక పాట ప్రకటించిరి. ప్రసార నియంత్రణాధికారులు దానిని రేడియోలో, టెలివిజనులో వినిపించరాదని నిషేధించిరి. 1991 మార్చిలో అప్పీలు కోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. పదునారేండ్లు న్యాయస్థానమునకు కనబడని నిజము ఆ మొరటు పాటకు మూడేండ్ల ముందే కనబడినది. వకీలు వృత్తిలోని మేము ఈ మాట వ్రాయుచు తలవంచుకొనుచున్నాము.

ఇక మన యింటి సంగతి చూతము. పల్లెపాటను పట్టణపు అరుగు మీదికి తెచ్చిన తగవు మన ఏలూరుసీమకు కొత్త కాదు. నండూరి సుబ్బారావుగారు ఈ సీమవారే. ఏలూరిలో న్యాయవాది వృత్తి చేసినవారు. వారి 'ఎంకి పాటలు' 1925లో పుస్తకముగా వెలువడినప్పుడు, పల్లెపడుచు కావ్యనాయిక యగుటయేమి, కూలివారి పలుకుబడి కవిత్వమగుటయేమి యని పండితలోకము కనుబొమలు ముడిచెను. అక్కిరాజు ఉమాకాంతముగారు ఆ కవిత్వమును తీవ్రముగా ఖండించిరి. నూరేండ్లు గడచినవి. ఖండనమును నేడు పరిశోధకులు చదువుచున్నారు. ఎంకిని జనులు పాడుకొనుచున్నారు. అయితే ఒక భేదము మరువరాదు. ఎంకి చదువుకొన్న కవి మనస్సున పుట్టిన పల్లెపడుచు. పల్లె తానే నోరు విప్పి పాడుట వేరు.

అట్లు నోరు విప్పినవారును మనకు కలరు. తెల్లదొరల ప్రభుత్వము వలదని పాట కట్టి గరిమెళ్ల సత్యనారాయణగారు 1922లో కారాగారమునకు పోయిరి. ఆ పాటకు రాగమాలికలు లేవు. వీధిన పోవు బాలుడు సైతము పట్టుకొనదగిన వరుస అది. అంతటి పాట నిచ్చిన ఆయన 1952లో మదరాసులో దారిద్ర్యమునందు కన్నుమూసిరి. షేక్ నాజర్‌గారు పేద ముసల్మాను కుటుంబమున జన్మించి, జంగముల నాటి కథారీతిని చేపట్టి, తంబురా భుజమున వేసి, బెంగాలు కరవును, అల్లూరి సీతారామరాజును బుఱ్ఱకథగా నడపిరి. బుఱ్ఱకథలో ఒక వంత హాస్యము చెప్పును. రెండవ వంత నాటి రాజకీయము చెప్పును. పాతకథ మధ్య నేటి కోపమునకు ఇట్లు స్థానము కల్పించిన ఏర్పాటు మనకు ఏనాడో కలదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో గద్దరు గొంగడి కప్పి, కాలికి గజ్జె కట్టి పాడినది ఆ వంశపు పాటయే. అతని రాజకీయమార్గముతో ఏకీభవింపనివారు సైతము అతని గొంతు విని నిలువక పోలేకపోయిరి. 2023లో ఆ గొంతు మూగవోయెను.

నేటి పట్టణయువకులలోను ఈ ప్రయత్నము లేకపోలేదు. హైదరాబాదున 'చౌరస్తా' అను ముఠావారు, జమైకా దీవిలో బానిసల సంతతివారు పుట్టించిన 'రెగే' నడకకు తెలుగు పల్లెపదమును జతచేసి, పట్టణమున విసిగిన మనిషి ఊరికి మరలిపోవు కోరికను పాడిరి. లక్షలాది యువకులు దానిని విని తమ పాటగా చేసికొనిరి. ఇంగ్లీషు గిటారు చేతబట్టినవాడు తెలుగును విడిచిపెట్టునని భయపడినవారికి ఇది చాలినంత సమాధానము. వాద్యము ఎచ్చటిదైన నేమి? హార్మోనియము ఐరోపానుండి వచ్చినదే. అది లేక మన పద్యనాటకము నడచినదా? వయొలిను ఐరోపానుండి వచ్చినదే. అది లేక నేడు కర్ణాటక సంగీతకచేరీ సాగునా?

కొల్లేటి సీమలో ఈ ప్రశ్న మరింత తొందరపెట్టుచున్నది. నాట్లు పడిన పొలములు అనేకము చేపల చెరువులైనవి. నాట్లు లేనిచోట నాట్ల పాట యుండదు. కైకలూరు, కలిదిండి ప్రాంతముల చేప మంచుగడ్డల నడుమ లారీలకెక్కి కలకత్తా పోవుచున్నది. పడుచువారు కొందరు హైదరాబాదు పోవుచున్నారు, కొందరు గల్ఫు దేశములకు పోవుచున్నారు. 1999లో సరస్సు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ ఒప్పందపు పట్టికకెక్కినది. 2006లో అభయారణ్యపు హద్దులోని చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. ఒకవైపు పక్షికి చోటు, ఒకవైపు మనిషికి కూడు. ఈ వ్యాజ్యమున ఎన్నియో దస్త్రములు పేరుకొన్నవి. దానిని పాడిన పాటలు ఎన్ని? వలకు చేప దొరకని వడ్డివాని గోడును, రొయ్యల షెడ్డులో చల్లనీటికి చేతులు మొద్దుబారిన స్త్రీ గోడును, ఉప్పు తేలిన త్రాగునీటి గోడును ఎవరు కట్టి ఎవరు పాడవలెను? నాయనమ్మ నాట్లపాటను సిగ్గుపడక పాడనేర్చిన మనుమడే రేపు రొయ్యల షెడ్డు పాట కట్టగలడు. మొదటిదానికి అడ్డుపడిన రెండవది పుట్టదు.

ఇచ్చట ఆ రెండవ పెద్దమనిషి మాటకు సమాధానము చెప్పక తప్పదు. "డప్పేమిటి?" అను ప్రశ్న సంగీతశాస్త్రమునకు సంబంధించినది కాదు. డప్పును ఊరి పండుగలకు, చావులకు, చాటింపులకు పిలిచి, అరుగు దగ్గరకు మాత్రము రానీయని పాత పాపపు మాట అది. 1950నాటి మన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. ఒక వాద్యమును వెలివేయుట ద్వారా మనిషిని వెలివేయుట ఆ పాపపు శేషమే. తాత వాయించిన డప్పును మనుమడు దాచుకొనవలసిన వస్తువుగా భావించుటకంటె గ్రామమునకు నష్టమేమున్నది? అతడు దానిని ధైర్యముగా బయటకు తెచ్చినందుకు మనమే సంతోషించవలెను.

ఇంతవరకు పడుచువారి పక్షమున వాదించితిమి. ఇప్పుడు వారినే ఒక ప్రశ్న యడుగుదుము: ఆ నాట్లపాట ఎవరిది? మీ రికార్డు వెలువడిన నాడు దానిపై ఎవరి పేరు వేయుదురు? 1957నాటి కాపీరైటు చట్టము రచయితకు జీవితకాలమును, ఆ పిమ్మట 60 సంవత్సరములును హక్కు నిచ్చును. కర్త తెలియని పల్లెపాటకు ఆ రక్షణ దొరకదు. దానిని కొత్తగా కూర్చినవానికి తన కూర్పుపై హక్కు పుట్టును. రికార్డు చేసినవానికి రికార్డుపై హక్కు పుట్టును. నాట్లలో వంగి పాడిన ఆమెకు మిగులునది యేమి? చట్టములో ఒక్క తలుపు తెరచియున్నది. 1994నాటి సవరణచే ప్రదర్శకులకు హక్కులు ఏర్పడినవి. ప్రదర్శకుడను మాటకు చట్టము చెప్పిన అర్థమున గాయకుడు, నర్తకుడే కాక గారడీవాడును, పాములవాడును చేరియున్నారు. 2012నాటి సవరణచే తన ప్రదర్శనమునకు తన పేరు చెప్పవలెనని కోరు హక్కును ప్రదర్శకునికి స్పష్టముగా లభించినది. కనుక నాయనమ్మ గొంతును ముందుగా రికార్డు చేసినచో, ఆ గొంతుపై ఆమెకు హక్కు కలదు. లండను ముఠావారు పాతపాటలను తమవని చెప్పుకొనక, సంప్రదాయపు పాటలని వ్రాసిరి. అది మర్యాద. మనము అంతకంటె ఒక మెట్టు ఎక్కవచ్చును; పాడినవారి పేరు, ఊరు, పాడిన పని వ్రాయవచ్చును; వచ్చిన రూకలలో వారికి పాలు పెట్టవచ్చును.

పేరు మిగులుట సామాన్యవిషయము కాదని కలిదిండి మనకు నేర్పినది. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు తన పక్షమున కర్ణాటకసేనతో పోరి మడిసిన ముగ్గురు చోళ దండనాయకుల జ్ఞాపకార్థము శివాలయములు కట్టించి, కలిదిండి గ్రామమును దానమిచ్చెను. ఆ తామ్రశాసనము నేటికిని నిలిచియుండుటచే వారి పేర్లు మనమెరుగుదుము. ఆనాడు ఆ గుడికి నైవేద్యమైన బియ్యమును నాటిన స్త్రీల పేర్లు ఏ రాగిరేకునను లేవు. వారు పాడియుందురు, ఆ పాటయును లేదు. వేయి సంవత్సరములనాడు రాగిరేకు రాజునకే దొరకెను. నేడు రాగిరేకు పనిచేయు యంత్రము ప్రతి కూలివాని జేబులోనున్నది. ఇంకను పేరు పోవుట జరిగినచో తప్పు కాలముది కాదు, మనది.

కనుక మా విన్నపములు ఇవి. రీడింగురూముల కార్యదర్శులారా! పత్రికలను బల్లమీద పరచుటతో మీ పని తీరలేదు. వారమునకొక్క సాయంకాలము నాట్లలో, వలలమీద, తిరుగలి వద్ద పాడినవారిని పిలిచి కూర్చుండబెట్టి, వారి అనుమతితో వారి గొంతు నిలుపుడు, పేరు వ్రాయుడు. 1956లో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపదగేయములపై సిద్ధాంతవ్యాసము ముగించి బాట వేసిరి. ఆ బాటలో మన ఊరు ఎంతదూరము నడచినదో మీరే చూచుకొనుడు. పడుచువారలారా! వేగముగా పాడుడు, గట్టిగా పాడుడు, మీ కోపమును దాచకుడు. కాని ముందు పాట నేర్చుకొనుడు. ఎరిగి విరిచినది కళ. ఎరుగక విరిచినది పగులు. సంగీతజ్ఞులారా! పాట పాడైనదని లేచిపోకుడు. మీ శ్రుతిజ్ఞానము ఆ పిల్లలకు అవసరము. తప్పును దగ్గర కూర్చుండి దిద్దుడు.

వచ్చు సంక్రాంతికి ఆ అరుగు ముందర మరల ఒక చాప పరచవలెనని గ్రామపెద్దలను వేడుచున్నాము. ముందు ఆ ముసలమ్మ తన నడకలో తన పాట పాడవలెను. తరువాత ఆమె మనుమడు తన డప్పుతో, తన జతగాండ్రతో, తన నడకలో పాడవలెను. డి.జె. పెట్టెల అద్దెసొమ్ము ఆ రాత్రికి వారికి చెల్లవలెను. పెద్దలు మొదటి చరణమునుండి చివరి చరణమువరకు కూర్చుండి వినవలెను. తీర్పు ఆ పిమ్మట చెప్పవచ్చును.